ఎంఎఫ్‌సీఎస్ ఎవరు పెట్టారు?

కోడింగ్ నేర్చుకుందామని బీటెక్ కంప్యూటర్ సైన్స్ (సీఎస్ఈ)లో చేరిన పిల్లలకు రెండో ఏడాదిలో తగిలే మొదటి దెబ్బ ఎంఎఫ్‌సీఎస్. మ్యాథమెటికల్ ఫౌండేషన్స్ ఆఫ్ కంప్యూటర్ సైన్స్. కొన్ని కొత్త రెగ్యులేషన్లలో దాన్నే డిస్క్రీట్ మ్యాథమెటిక్స్ అంటున్నారు. పేరు మారినా సరుకు అదే: సెట్లు, రిలేషన్లు, గ్రాఫులు, ప్రెడికేట్ లాజిక్. దాని వెనకాలే ఫ్లాట్ (ఫార్మల్ లాంగ్వేజెస్ అండ్ ఆటోమేటా థియరీ), ఆ తర్వాత కంపైలర్ డిజైన్. పరీక్షకు వారం ముందు ఆల్ ఇన్ వన్ గైడు కొని గట్టెక్కిన సీనియర్‌ని పట్టుకుని ‘ఇదెందుకన్నా మనకి?’ అని అడిగితే, ‘సిలబస్‌లో ఉంది, రాసెయ్’ అంటాడు. లెక్చరర్లలోనూ చాలామంది ఇంతకన్నా పెద్ద జవాబు చెప్పరు.

జవాబు ఉంది. దానికి తేదీ కూడా ఉంది: 1968 మార్చి. ఆ నెల ‘కమ్యూనికేషన్స్ ఆఫ్ ది ఏసీఎం’ పత్రికలో ‘కరికులం 68’ అనే నివేదిక అచ్చయింది. ఏసీఎం అంటే అమెరికాలో పుట్టిన కంప్యూటర్ శాస్త్రవేత్తల సంఘం. కంప్యూటర్ సైన్స్ డిగ్రీ చేతికివ్వాలంటే విద్యార్థికి ఏమేం చదివించాలో కోర్సు కోర్సుకీ రాసిపెట్టిన కాగితం అది. అమెరికాలో ఎక్కడో రాసుకున్న ఆ జాబితా హైదరాబాద్, కాకినాడ, అనంతపురం జేఎన్టీయూల సిలబస్ పుస్తకాల్లో ఇప్పటికీ బతికే ఉంది.

అంతకుముందు మాటేమిటంటే, డిగ్రీ స్థాయిలో ఈ చదువు దాదాపు లేదు. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో 1949లో ఎడ్‌సాక్ కంప్యూటర్ పనిచేయడం మొదలుపెట్టాక, 1953లో న్యూమరికల్ అనాలిసిస్, ఆటోమేటిక్ కంప్యూటింగ్ కలిపి ఏడాది డిప్లొమా ఒకటి పెట్టారు. అదీ డిగ్రీ అయినవాళ్లకే. అమెరికాలో పర్డ్యూ విశ్వవిద్యాలయం 1962లో, స్టాన్‌ఫర్డ్ 1965లో విడిగా కంప్యూటర్ సైన్స్ శాఖలు తెరిచాయి. వాటి దృష్టి మొదట్లో పైచదువుల మీదే. ఇరవై ఏళ్ల కుర్రాడికి కంప్యూటర్ సైన్స్ పేరుతో పట్టా ఇవ్వడమేమిటని గణిత శాఖ పెద్దలు పెదవి విరిచిన రోజులవి.

మన రాజ్ రెడ్డి గారి చదువు చూస్తే ఆ కాలం బాగా అర్థమవుతుంది. శ్రీకాళహస్తి దగ్గరి కాటూరులో 1937లో పుట్టిన ఈ రైతుబిడ్డ 1958లో గిండీ ఇంజినీరింగ్ కాలేజీ నుంచి సివిల్ ఇంజినీరుగా బయటికొచ్చారు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో ఎంటెక్ చేశారు. కొన్నాళ్లు ఐబీఎంలో పనిచేశారు. ఆ తర్వాత స్టాన్‌ఫర్డ్ చేరి, జాన్ మెకార్తీ దగ్గర 1966లో పీహెచ్‌డీ పూర్తిచేశారు. 1994లో కంప్యూటర్ రంగపు అత్యున్నత పురస్కారం ట్యూరింగ్ అవార్డు అందుకున్న మనిషి బీటెక్ సీఎస్ఈ చదవలేదు. చదవడానికి అది ఎక్కడా లేదు మరి.

సరే, జాబితా ఎలా తయారైందో చూద్దాం. ఏసీఎం వేసిన సంఘానికి విలియం అట్చిసన్ అధ్యక్షుడు. సభ్యులెవరో చూస్తే సబ్జెక్టులు ఎక్కణ్ణుంచి వచ్చాయో సగం తెలిసిపోతుంది. పర్డ్యూ శాఖ తొలి అధిపతి శామ్యూల్ కాంటే, టెక్సస్ నుంచి డేవిడ్ యంగ్, వెర్నర్ రైన్‌బోల్ట్. వీళ్లు న్యూమరికల్ అనాలిసిస్ మనుషులు. మరోవైపు ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ నుంచి ఎడ్వర్డ్ మెక్‌క్లస్కీ. ఈ పేరు ఎక్కడో విన్నట్టుందా? డీఎల్‌డీ (డిజిటల్ లాజిక్ డిజైన్) పేపర్లో బూలియన్ ఫంక్షన్ ఇచ్చి టాబ్యులేషన్ పద్ధతిలో కుదించమంటారే, ఆ క్వైన్-మెక్‌క్లస్కీ పద్ధతిలో రెండో పేరు ఈయనదే. జేఎన్టీయూ పాత రెగ్యులేషన్లలో పదహారు మార్కులు దానికి.

ఉమ్మడి కుటుంబం నుంచి వేరుపడుతున్న కొడుకు పంపకాల కాగితం లాంటిదే కరికులం 68. గణితం నుంచి ఏం తెచ్చుకోవాలి, ఎలక్ట్రికల్ నుంచి ఏం తెచ్చుకోవాలి, సొంతంగా సంపాదించుకున్నదేది అని లెక్కలు తేల్చుకున్నారు. మొత్తం 22 కోర్సులు: నాలుగు ప్రాథమికం, తొమ్మిది మధ్యస్థం, తొమ్మిది ఉన్నతం. ప్రాథమికాల్లో మూడోది ‘ఇంట్రడక్షన్ టు డిస్క్రీట్ స్ట్రక్చర్స్’. అదే మన ఎంఎఫ్‌సీఎస్. నాలుగోది ‘న్యూమరికల్ కాల్క్యులస్’. మధ్యస్థంలో డేటా స్ట్రక్చర్స్, ప్రోగ్రామింగ్ లాంగ్వేజెస్, కంప్యూటర్ ఆర్గనైజేషన్, సిస్టమ్స్ ప్రోగ్రామింగ్, కంపైలర్ కన్‌స్ట్రక్షన్, స్విచింగ్ థియరీ. ఉన్నతంలో ఫార్మల్ లాంగ్వేజెస్, గ్రాఫిక్స్ వగైరా. డిగ్రీ కావాలంటే మొదటి ఎనిమిదీ తప్పనిసరి, మిగిలిన మధ్యస్థ కోర్సుల్లోంచి ఇంకో రెండు. వీటికి తోడు గణిత శాఖ నుంచి కాల్క్యులస్, లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ. ఈ చివరి రెండు పేర్లతో మళ్లీ పని పడుతుంది.

డిస్క్రీట్ గణితాన్ని అంత ముందు ఎందుకు పెట్టారు? కాల్క్యులస్ అంతా నిరంతరంగా మారే రాశుల గురించి. వేగం, వేడి, విద్యుత్తు. సివిల్, మెకానికల్ వాళ్లకు అది చాలు. కంప్యూటర్ లోపల జరిగేదంతా ఉందా లేదా, ఒకటా సున్నానా అనే తెగ్గొట్టిన లెక్క. ఒక డేటాబేస్ టేబుల్ అంటే గణితంలో రిలేషన్. ఊళ్ల మధ్య దారి చూపించే మ్యాప్ అంటే గ్రాఫ్. ఇఫ్ కండిషన్ అంటే లాజిక్. ఆ భాష రాకుండా డేటా స్ట్రక్చర్స్ చెప్పలేమని వాళ్లు గట్టిగా నమ్మారు. నా లెక్కలో ఆ నివేదిక మొత్తంలో అన్నిటికన్నా దూరపు చూపున్న నిర్ణయం అదే. దీన్ని ఇంత స్పష్టంగా మన క్లాసురూముల్లో మొదటి రోజే చెప్పి ఉంటే ఎంతమందికి బ్యాక్‌లాగులు తప్పేవో!

అయితే చెప్పడానికి పుస్తకాలేవి? డేటా స్ట్రక్చర్స్‌కి సరిగ్గా ఆ 1968లోనే డొనాల్డ్ క్నూత్ ‘ది ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్’ మొదటి సంపుటం వచ్చి ఆదుకుంది. డిస్క్రీట్ గణితానికి ట్రెంబ్లే, మనోహర్ కలిసి రాసిన పుస్తకం 1975లో వచ్చింది. మన లైబ్రరీల్లో అట్ట ఊడిపోయి కనిపించేది అదే.

కాగితం అచ్చయిన ఏడాదే గొడవ కూడా మొదలైంది. ఆ ఏడాది ట్యూరింగ్ అవార్డు అందుకున్న రిచర్డ్ హామింగ్ తన ఉపన్యాసంలో, గణితం వైపు మరీ మొగ్గుతున్నారు, ల్యాబ్ పనిని మధ్యలో పెట్టండి అని వాదించాడు. ఎర్రర్ కరెక్టింగ్ కోడ్స్‌లో హామింగ్ కోడ్ ఈయనదే కాబట్టి గణితం రాని మనిషి మాట అని కొట్టిపారేయడానికి వీల్లేదు. అక్టోబరులో జర్మనీలోని గార్మిష్‌లో నాటో సదస్సు పెట్టి, పెద్ద ప్రోగ్రాములు సమయానికి పూర్తికావడం లేదు మొర్రో అని సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ గురించి చర్చించారు. ఆ సబ్జెక్టు 22లో లేదు. డీబీఎంఎస్ (డేటాబేస్) పేరుతోనూ ఏ కోర్సూ లేదు. ఉండే అవకాశమూ లేదు, డేటాబేసులకు పునాది అయిన ఎడ్గార్ కాడ్ రిలేషనల్ మోడల్ వ్యాసం వచ్చింది 1970లో కదా.

పదేళ్లకు ‘కరికులం 78’ వచ్చింది. ఈసారి గాలి గణితం వైపు నుంచి పక్కకు తిరిగింది. పరిశ్రమకు మనుషులు కావాలి, ప్రోగ్రామింగ్ ముందు. ప్రధాన కోర్సులకు సీఎస్1 నుంచి సీఎస్8 దాకా నంబర్లు వేశారు. అమెరికా వెళ్లిన మన పిల్లలు అక్కడ ‘సీఎస్1కి టీఏ చేస్తున్నా’ అంటారు చూడండి, ఆ నంబరు ఈ నివేదిక నుంచి వచ్చిందే. న్యూమరికల్ అనాలిసిస్ ప్రధాన కోర్సుల్లోంచి వెళ్లిపోయింది. గణితం పట్టు సడలింది. దీని మీద 1980లో కంప్యూటర్ శాస్త్రవేత్తలు ఆంథొనీ రాల్‌స్టన్, మేరీ షా కలిసి, కంప్యూటర్ సైన్స్‌కి గణితం నిజంగా అంత అక్కర్లేనిదా అని నిలదీస్తూ వ్యాసం రాశారు. 1988లో మరో కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా ఇంకా తీవ్రంగా వెళ్లి, ప్రోగ్రామింగ్‌ని మొదటి ఏడాది నుంచీ తర్కశాస్త్రంలాగే నేర్పాలన్నాడు. అది అతిగా అనిపించినవాళ్లే ఎక్కువ.

చివరికి ఏసీఎం తదితరుల 2001 కరికులం నివేదికలో తీర్పు వచ్చింది. ప్రతి విద్యార్థికీ తప్పనిసరిగా చెప్పాల్సిన 280 గంటల్లో 43 గంటలు డిస్క్రీట్ స్ట్రక్చర్స్‌కి ఇచ్చారు. ఎంఎఫ్‌సీఎస్ ఇక కదలదని తేలింది. న్యూమరికల్ పద్ధతులకు మాత్రం తప్పనిసరి గంటలు సున్నా. కంప్యూటర్ సైన్స్‌కి పుట్టిల్లు లాంటి సబ్జెక్టుకి అదీ గతి. మన దగ్గర న్యూటన్-రాఫ్సన్, రుంగే-కుట్టా లాంటి ఆ పద్ధతులు గణితం పేపర్ల చాటున చాలాకాలం బతికాయి.

మన దేశంలోకి ఈ చదువు వచ్చిన దారి కాన్పూర్. అమెరికన్ విశ్వవిద్యాలయాల సాయంతో నడిచిన అక్కడి ఐఐటీకి 1963 ఆగస్టులో ఐబీఎం 1620 కంప్యూటర్ వచ్చింది. ఆ యంత్రం కూడిక కూడా మెమరీలో పెట్టుకున్న పట్టిక చూసి చేసేది! బర్క్‌లీ నుంచి హ్యారీ హస్కీ, ప్రిన్స్‌టన్ నుంచి ఫోర్మన్ ఆక్టన్ వంటివాళ్లు వచ్చి పాఠాలు చెప్పారు. వి.రాజారామన్ లాంటి మన అధ్యాపకులు ఆ పనిని అందుకున్నారు. బయటి కాలేజీల వాళ్లకూ, సంస్థల ఉద్యోగులకూ పది రోజుల ఫోర్ట్రాన్ కోర్సులు నడిపారు. 1971లో ఎంటెక్, పీహెచ్‌డీ మొదలయ్యాయి. బీటెక్ మాత్రం 1978లో, 20 మందితో. యంత్రం వచ్చిన పదిహేనేళ్లకు! తొందరపడలేదు. ముందు పాఠం చెప్పేవాళ్లను తయారుచేసుకుని ఆ తర్వాత పిల్లల్ని చేర్చుకున్నారు. మన రాష్ట్రాల్లో 1990ల చివర్లో జరిగింది దీనికి సరిగ్గా తిరగేసిన వరస. ముందు సీట్లు, తర్వాత భవనం, ఆఖరున అధ్యాపకుడు. సిలబస్‌ని తిట్టేవాళ్లు ఈ వరసని కూడా కొంచెం తిట్టాలి.

ఎంసీఏ కథ వేరు. 1980ల మొదట్లో రాజారామన్ అధ్యక్షతన వేసిన సంఘం, ఇంజినీరింగ్ కాని డిగ్రీ పిల్లలకు మూడేళ్ల కోర్సుగా దాన్ని రూపొందించింది. ఆఫీసుల్లో లెక్కలు, జీతాల పట్టికలు కంప్యూటర్ మీద నడపాలి కాబట్టి అందులో అకౌంటెన్సీ పెట్టారు. ఐసెట్ రాసి ఎంసీఏలో చేరిన బీఎస్సీ పిల్లలు డెబిట్, క్రెడిట్ ఎందుకని విసుక్కున్నది దాన్నే. 2020 నుంచి దాన్ని రెండేళ్లకు కుదించారు.

ఇక బీటెక్‌కి సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ 2018 నమూనా 160 క్రెడిట్లు పెట్టింది. క్రెడిట్లు లేకుండా రాజ్యాంగం, పర్యావరణం కూడా చదవాలంది. విద్యార్థులు ఆర్09, ఆర్18, ఆర్22 అని రెగ్యులేషన్ నంబరుతో తమ బ్యాచిని చెప్పుకుంటారు. నంబర్లతో పాటు నేర్పే ప్రోగ్రామింగ్ భాషలూ మారుతూ వచ్చాయి. ఒకప్పుడు ఫోర్ట్రాన్, పాస్కల్, తర్వాత సీ, జావా, ఇప్పుడు పైథాన్ కూడా. డేటా స్ట్రక్చర్స్ మాత్రం ఎక్కడిది అక్కడే.

ఇక ఏఐ. కాలేజీ బస్సుల వెనక ఇప్పుడు పెద్ద అక్షరాలతో కనిపించే ఈ సబ్జెక్టు కరికులం 68లోనే ఉంది. ‘ఏ9: ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ అండ్ హ్యూరిస్టిక్ ప్రోగ్రామింగ్’, 22లో ఆఖరిది. ఐఐటీ హైదరాబాద్ 2019లో దానికి ప్రత్యేకంగా బీటెక్ పెట్టింది. తర్వాత మిగతా కాలేజీలూ సీఎస్ఈ పక్కన ఏఐఎంఎల్, డేటా సైన్స్ తగిలించాయి. తమాషా ఏమిటంటే, ఏసీఎం తదితర సంఘాల తాజా సీఎస్2023 నివేదిక ఈ మెషిన్ లెర్నింగ్ లాంటివాటి కోసం డిస్క్రీట్ గణితానికి ప్రాబబిలిటీ, స్టాటిస్టిక్స్, లీనియర్ ఆల్జీబ్రాలను జోడించి ఒకే విభాగం చేసింది. వీటిలో ప్రాబబిలిటీ, లీనియర్ ఆల్జీబ్రా 1968 సంఘం గణిత శాఖలో చదివి రమ్మన్నవే. పదేళ్లు తిరిగేసరికి గణితం పట్టు సడలించారు, ఇప్పుడు మళ్లీ బిగించారు.

కాబట్టి కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టబోయే తల్లిదండ్రులకు ఒక మాట. బ్రాంచి పేరు చూసి మేనేజ్‌మెంట్ కోటాలో అదనంగా లక్షలు పోసేముందు, సీఎస్ఈ సిలబస్, సీఎస్ఈ-ఏఐఎంఎల్ సిలబస్ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి రెండేళ్లు చాలాచోట్ల చాలావరకు ఒకటే. తేడా ఉన్న సబ్జెక్టులు ఎన్నో లెక్కపెట్టండి, వాటిని ఎవరు చెబుతారో కాలేజీలో అడగండి. సిలబస్ కాపీ యూనివర్సిటీ వెబ్‌సైట్లో ఉచితంగానే దొరుకుతుంది.