స్టేషన్ – స్థానం

బన్సీలాల్‌పేట్‌లో ఉన్నన్నాళ్ళూ మా నాయనమ్మ సికింద్రాబాద్ స్టేషన్‌ను ‘టేసను’ అనేది. ఇంగ్లీషు మాటకు ఆమె నోరు తిరగడం లేదని నేను నవ్వేవాణ్ణి.

1874లో ఆ స్టేషన్ వెలిసింది. ఆ పదం మాత్రం చాలా పాతది. లాటిన్ ‘స్తాతియో’ ఫ్రెంచి మీదుగా ఆంగ్లంలో చేరింది. దాని మూలక్రియ ‘స్తారే’, అంటే నిలబడు. సంస్కృత ధాతువు ‘స్థా’ దీనికి తల్లి కాదు, తోబుట్టువు. రెండూ ఒకే ఇండో-యూరోపియన్ మూలభాష నుండి వచ్చినవే. సంస్కృత, గ్రీకు, లాటిన్ భాషల ఈ చుట్టరికాన్ని విలియం జోన్స్ 1786లో కలకత్తా ప్రసంగంలో చాటాడు.

స్థానం, స్థితి, ప్రస్థానం ఆ ధాతువు నుండే తెలుగుకు దక్కాయి. తిరుపతి దేవస్థానమని నాయనమ్మ తప్పులేకుండా పలికేది. ‘టేసను’ చుట్టం ఆమె నోటనే ఉంది. ఆ సంగతి చెబుదామంటే ఇప్పుడామె లేదు.