ఆక్సీకరణ ఒత్తిడి, దాన్ని తగ్గించే అలవాట్లు: కోస్తాంధ్ర చరిత్ర

శరీర కణాల్లో ఆక్సిజన్ వల్ల పుట్టే ఫ్రీ రాడికల్స్ వాటిని అణచే యాంటీ ఆక్సిడెంట్ల బలాన్ని మించిపోతే ఆ స్థితిని ఆక్సీకరణ ఒత్తిడి అంటారు. ప్రాణవాయువే మోతాదు మించితే ప్రాణం తీస్తుందని ఫ్రెంచి శాస్త్రవేత్త పాల్ బెర్ 1878లో చూపాడు. ముసలితనానికి మూలం ఫ్రీ రాడికల్సేనని 1956లో అమెరికా వైద్యుడు డెన్‌హామ్ హార్మన్ ప్రతిపాదించాడు. వాటిని విరిచే ఎంజైమ్ మన కణాల్లోనే ఉందని 1969లో శాస్త్రవేత్తలు మెకార్డ్, ఫ్రిడోవిచ్ కనుగొన్నారు. ఆక్సీకరణ ఒత్తిడి అన్న భావనకు 1985లో జర్మనీకి చెందిన హెల్ముట్ సీస్ స్పష్టమైన రూపమిచ్చాడు. దీన్ని తగ్గించడంలో మాత్రల కంటే అలవాట్లే నమ్మదగినవని చెప్పడానికి గట్టి సాక్ష్యం కోస్తాంధ్రలోనే దొరుకుతుంది. అది పొగాకుతో మొదలవుతుంది.

పొగాకు పోర్చుగీసువారి వెంట భారతదేశానికి వచ్చి, రెండు మూడు శతాబ్దాల్లో గోదావరి జిల్లాల్లో ఇంటింటి సరుకైంది. గోదావరి పాయల నడుమ ఉన్న లంకల్లో, వరద తెచ్చిన ఒండ్రు మీద పండే లంక పొగాకు చుట్టలకు పెట్టింది పేరు. దాని ఖ్యాతి ఎంతదంటే, 1890 నాటి షెర్లాక్ హోమ్స్ నవల 'ది సైన్ ఆఫ్ ఫోర్'లో కూడా లంక చుట్ట ప్రస్తావన ఉంది. పొగలోని వాయుభాగంలో ఒక్క దమ్ముకు సుమారు పది కోట్ల కోట్ల ఫ్రీ రాడికల్స్ ఉంటాయని అంచనా. రోజువారీ అలవాట్లలో ఆక్సీకరణ ఒత్తిడిని ఇంతగా పెంచేది మరొకటి చెప్పడం కష్టం.

ఉత్తర కోస్తాలో, ముఖ్యంగా శ్రీకాకుళం, విశాఖపట్నం పల్లెల్లో, ఈ హాని మరింత దగ్గరగా కనబడింది. అక్కడ ఎక్కువగా ఆడవాళ్లు చుట్టను వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పెదవులు బిగించి పీలుస్తారు. దీన్నే అడ్డపొగ అంటారు. గాలికీ నీటికీ చుట్ట ఆరదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. కానీ నిప్పు, పొగ రెండూ నేరుగా అంగిలికి తగులుతాయి. అంగిలి మొదట తెల్లబారి మందమవుతుంది, తర్వాత ఎర్రటి మచ్చలు లేస్తాయి, కొందరిలో అది క్యాన్సర్‌గా మారుతుంది. మిగతా చోట్ల అరుదైన ఈ అంగిలి క్యాన్సర్‌ను 1945లో వైద్య పరిశోధకుడు ఖనోల్కర్, 1957లో డి. గోవిందరెడ్డి, వి.కె. రావు ఈ అలవాటుతో ముడిపెట్టారు. 1969లో మెహతా పరిశోధక బృందం శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది పల్లెవాసుల నోళ్లు పరీక్షించింది. ఆ తర్వాత శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ జిల్లాల్లో 36 వేల మంది పొగాకు వాడకందారులను ఎన్నుకుని, సినిమాలతో, పోస్టర్లతో, మనిషి మనిషితో మాట్లాడి మాన్పించే ప్రయత్నం ఐదేళ్లు సాగింది. 1986లో 'లాన్సెట్' వైద్య పత్రికలో వచ్చిన దాని ఫలితం ప్రశంసనీయం: మానినవారు, తగ్గించినవారు పెరిగారు, కొత్తగా పుట్టే తెల్లమచ్చలు తగ్గాయి. మందు బిళ్ల ఒక్కటీ ఇవ్వకుండానే నోటికి హాని తగ్గించవచ్చని అది చూపింది.

అడ్డపొగ హాని అంతా నిప్పు వేడి వల్లేనని, ఆక్సీకరణకు ఇందులో చోటు లేదని ఒక వాదన ఉంది. వేడి పాత్రను కాదనలేం. అయితే హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కమలా కృష్ణస్వామి బృందం అడ్డపొగ తాగేవారికి ఏడాది పాటు విటమిన్ ఎ, రిబోఫ్లేవిన్, జింక్, సెలీనియం ఇచ్చి చూసింది. 1995లో వెలువడిన ఫలితాల ప్రకారం పోషకాలు అందినవారిలో 57 శాతం మందికి మచ్చలు పూర్తిగా మానగా, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 8 శాతం మందికే మానాయి. కణాల్లోని డీఎన్‌ఏకు జరిగిన నష్టం కూడా తగ్గింది. సెలీనియం, రిబోఫ్లేవిన్ శరీరంలోని యాంటీ ఆక్సిడెంట్ ఎంజైమ్‌లకు కావలసిన సరుకులు. వేడి ఒక్కటే దోషి అయితే వాటితో ఇంత తేడా వచ్చేది కాదు.

అలాగైతే మాత్రలే చాలు కదా అనడం తొందరపాటు. ఆ పరీక్షలో మాత్రలు అందుకున్నవారు పోషకాల లోటుతో బతికే పేదలు. అక్కడ మాత్ర ఆ లోటు పూడ్చింది. లోటు లేనిచోట కథ తిరగబడింది. ఫిన్లాండులో 29,133 మంది పొగతాగే మగవారిపై జరిగిన, 1994లో వెలువడిన పరీక్షలో బీటా కెరోటిన్ తీసుకున్నవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చింది. 1996లో అమెరికాలో అలాంటి పరీక్షనే మధ్యలో ఆపేయాల్సి వచ్చింది. అదే బీటా కెరోటిన్ మునగాకు, తోటకూర, బొప్పాయిల ద్వారా అందితే ఇలాంటి కీడు కనబడలేదు. ఆకుకూరలో అది మితంగా, వందలాది ఇతర పదార్థాలతో కలిసి వస్తుంది. రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు తినాలని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. తిండితో పాటు మేలుచేసే అలవాట్లు నడక, వ్యాయామం. అవి కూడా ఫ్రీ రాడికల్స్‌ను పెంచుతాయి కదా అన్న ఆక్షేపణ సరైనదే. ఆ కొద్దిపాటి పెరుగుదలే శరీరాన్ని తన సొంత ఎంజైమ్‌లు ఎక్కువగా తయారుచేసుకునేలా పురికొల్పుతుంది. 2009లో జర్మనీలో రిస్టో బృందం వ్యాయామం చేసేవారికి విటమిన్ సి, ఇ మాత్రలు ఇవ్వగా, ఇన్సులిన్ పనితీరులో రావలసిన మెరుగుదల రాలేదు. మాత్రలు లేకుండా వ్యాయామం చేసినవారికి అది వచ్చింది.