జీలుగు కల్లు ముంతలో 1879

కార్తీకం వచ్చిందంటే మన గోదావరి జిల్లాల్లో తోటలకు కూడా కులం వచ్చేస్తుంది. ఫలానా వారి వనభోజనాలు, ఫలానా సంఘం వారి వనసమారాధన అని ఫ్లెక్సీలు లేస్తాయి. ఉసిరిచెట్టు కింద ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో విస్తరి వేయకముందే తేలిపోయి ఉంటుంది. అదే నెలలో పాపికొండల బోట్లు నిండుతాయి. మారేడుమిల్లి ఘాట్‌లో కార్లు బారులు తీరతాయి. డిసెంబరు వచ్చేసరికి లంబసింగి పొగమంచు కోసం అమలాపురం, రాజోలు, కొత్తపేట నుంచి రాత్రికి రాత్రి బండెక్కే కుర్రాళ్లు బోలెడంత మంది.

నేను పాఠం చెప్పే పిల్లలు కూడా వెళ్తారు. వెళ్లొద్దని నేనెప్పుడూ అనలేదు. కొండ చూసి సంతోషపడటం ఏ ఒక్క కులం సొత్తూ కాదు. మన తాతలకి పచ్చదనంతో ఉన్న సంబంధమల్లా ఊడుపు, కోత, కలుపు. వాళ్ల మనవలు సరదాకి చెట్టు కింద కూర్చుంటే నాకు ఆనందమే. కానీ వాళ్లు పెట్టే ఫోటోల్లో కొండ ఉంటుంది, వాగు ఉంటుంది, బొంగులో చికెన్ ఉంటుంది, చేతిలో జీలుగు కల్లు ఉంటుంది. ఆ కల్లు గీసిన మనిషి మాత్రం ఉండడు. ఈ వారం ఆ మనిషి చరిత్ర చెప్పుకుందాం.

మీరు సరదాకి రుచి చూసే ఆ కల్లు మీదే 1879లో రంప కొండలు భగ్గుమన్నాయి. అప్పట్లో ఆ ప్రాంతం ముఠాలుగా ఉండేది. ఒక్కో ముఠాకి ఒక ముఠాదారు, అందరి మీదా మన్సబ్‌దారు, ఆయన వెనక కంపెనీ వారు, తర్వాత రాణిగారి ప్రభుత్వం. కొండజనం తాగడానికి కల్లు గీసుకోవడం మీద అంతకుముందు ఆంక్ష లేదు. కొత్త అబ్కారీ పద్ధతి వచ్చాక అది నేరమైంది. కల్లు రాబడిని గుత్తకిచ్చారు. గుత్తేదార్లు చిగురుపన్ను పేరుతో పిండటం మొదలుపెట్టారు. పోలీసుల మామూళ్లు దానికి తోడు. ఆకలి నెలల్లో జీలుగు కల్లు ఆ ఇళ్లలో సగం తిండి. దాని మీద పన్ను అంటే గంజి మీద పన్ను వేసినట్టే.

ఇందులో మనం దాటేయకూడని ముక్క ఇంకొకటి ఉంది. మైదానం నుంచి, అంటే మన వైపు నుంచి వెళ్లిన వ్యాపారులు కొండవాళ్లకి అప్పులిచ్చి కాగితాలు రాయించుకునేవారు. కింద ఉన్న కోర్టుల్లో దావా వేసేవారు. అడవి దాటి రాలేని మనిషి కోర్టుకి రాకపోతే ఏకపక్షంగా డిక్రీ అయ్యేది. ఆ డిక్రీ పట్టుకెళ్లి పశువుల్ని తోలుకొచ్చేవారు. 1879 మార్చిలో తిరుగుబాటు లేచిందంటే దానికి తెల్లదొర ఒక్కడే కారణం కాదు. కింది నుంచి వెళ్లిన లెక్కల పుస్తకం కూడా కారణం.

ద్వారబంధాల చంద్రయ్య, కారం తమ్మన్నదొర లాంటివాళ్లు ముందు నిలబడ్డారు. పోలీసు ఠాణాల మీద పడ్డారు. తిరుగుబాటు రంప దాటి గొలుగొండ కొండల్లోకి, భద్రాచలం వైపుకి పాకింది. దాన్ని అణచడానికి మద్రాసు ప్రభుత్వం వందల మంది పోలీసుల్ని, ఆరు పటాలాల పదాతి దళాన్ని, గుర్రపు దళాన్ని, సాపర్లు మైనర్ల కంపెనీల్ని దించింది. అవి చాలక హైదరాబాద్ కంటింజెంట్ నుంచి కూడా బలగం వచ్చింది. 1880లో చంద్రయ్యనీ తమ్మన్నదొరనీ చంపేశారు. చాలామందిని అండమాన్‌కి పంపారు. కల్లు ముంత కోసం ఇంత సైన్యమా అనిపిస్తుంది. సైన్యం దిగింది ముంత కోసం కాదు. అడవి ఎవరిది అన్న ప్రశ్న లేచినందుకు దిగింది.

ఆ ప్రశ్నకి ప్రభుత్వం రెండేళ్లలో చట్టంతో జవాబిచ్చింది. అదే 1882 మద్రాసు అటవీ చట్టం. రిజర్వు గీత గీశాక గీత లోపల పోడు కొడితే నేరం, కట్టె కొడితే నేరం, పశువు మేస్తే జరిమానా. నిన్నటిదాకా ఇంటి పెరడు లాంటి అడవిలో ఆ ఇంటివాడే దొంగ అయ్యాడు. ఇవాళ టూరిజం బ్రోచర్లో 'మనిషి చెయ్యి పడని అడవి' అని చదివినప్పుడు నాకు ఈ చట్టం గుర్తొస్తుంది. ఆ అడవిలో మనుషుల చెయ్యి తరతరాలుగా పడింది. ఆ చేతుల్ని బయటికి నెట్టిన ఏడాది కూడా కాగితం మీద ఉంది.

అయినా పని కోసం ఆ చేతులే కావాల్సి వచ్చాయి. గోదారి మీద కలప, వెదురు తెప్పలు కట్టి రాజమండ్రికి దింపేవారు. నరికిందీ, మోసిందీ, ఏటి ఒడ్డుకి చేర్చిందీ కొండరెడ్లు, కోయలు. హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త పాపికొండల కొండరెడ్ల మధ్య తిరిగి 1945లో పుస్తకం వేశాడు. కలప వ్యాపారుల అప్పుల్లో వాళ్లు ఎలా చిక్కుకున్నారో అందులో రాశాడు. డెల్టా ఇళ్ల కప్పుల్లోకీ పందిళ్లలోకీ చేరిన కొండ వెదురు వెనక ఆ అప్పు ఉంది.

ఇక రోడ్డు సంగతి. లంబసింగి ఘాట్‌లో బండి ఆపి వీడియో తీయనివారు లేరు. నర్సీపట్నం నుంచి ఆ కొండల్లోకి రోడ్డు వేయడానికి ఆదివాసీల చేత బలవంతంగా పని చేయించారు. గూడెం తాసిల్దారు బాస్టియన్ ఆ పనిలో కూలి తెగ్గోసి, ఎదురు చెప్పినవాళ్లని కొట్టించిన సంగతి చరిత్రలో ఉంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణా మీద, మర్నాడు కృష్ణదేవిపేట మీద, ఆ మర్నాడు రాజవొమ్మంగి మీద దాడి జరగడానికి వెనక ఆ రోడ్డు పని ఉంది, అటవీ చట్టం ఉంది. అల్లూరి సీతారామరాజు పేరు అందరికీ తెలుసు, తెలియాలి కూడా. ఆయన పక్కన పోరాడిన గాం గంటందొర, గాం మల్లుదొర పేర్లు ఎంతమందికి తెలుసు? మల్లుదొర అండమాన్ శిక్ష అనుభవించి వచ్చి 1952లో లోక్‌సభకి ఎన్నికయ్యాడు. ఈ మాట క్లాసులో చెబితే పిల్లలు నమ్మలేనట్టు చూస్తారు.

ఇప్పుడు ఎకో టూరిజం దగ్గరికొద్దాం. మారేడుమిల్లిలో అటవీ శాఖ వన సంరక్షణ సమితుల్ని కలుపుకుని పర్యాటకం నడుపుతోంది. వలమూరు దగ్గర జంగిల్ స్టార్ క్యాంపు, ఊళ్లో వనవిహారి అలా వచ్చినవే. ఊరి సమితికి భాగం ఉండటం ప్రైవేటు రిసార్టు కంటే మేలే, ఆ మాట ఒప్పుకోవాలి. గైడుగా, వంటమనిషిగా, కాపలాదారుగా కొందరికి జీతం వస్తుంది. కానీ 1882లో గీసిన గీత అక్కడే ఉంది. గీత లోపల నిర్ణయం అటవీ శాఖది. గీత కాపలా మాత్రం ఆదివాసీది. తన అడవిలో తాను ఉద్యోగి కావడాన్ని హక్కు రావడం అనలేం.

పాపికొండల దగ్గర పరిస్థితి ఇంకా ఘోరం. ఆ అడవి ఇప్పుడు జాతీయ పార్కు, కింద పోలవరం. బోటులో కూర్చుని మీరు ఫోటో తీసే గూడేలు చాలా వరకు ముంపు జాబితాలో ఉన్నవే. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగింది. అందులో 77 మంది ఉంటే ప్రాణాలతో బయటపడినవాళ్లు 26 మంది. వరద గోదాట్లోకి తమ పడవలు తోసుకెళ్లి వాళ్లని ఒడ్డుకి చేర్చింది ఆ గట్టు మీది ఆదివాసులే. చూడ్డానికి వెళ్లినవాళ్లకి కనపడని మనుషులు, మునిగిపోయేటప్పుడు కనపడ్డారు. ఆ తర్వాత పోలవరం నీళ్లు దేవీపట్నం ఊళ్లని ముంచాయి. వాళ్లు ఎక్కడికి పోయారని బోటు టిక్కెట్టు కొన్నవాళ్లలో ఎంతమంది అడిగారు?

'మాస్టారూ, కోనసీమ దళితుడిగా కొండ గొడవ మీకెందుకు?' అని కిందటిసారి ఒక తమ్ముడు అడిగాడు. ఎందుకంటే, బొమ్మలోంచి మనిషిని తీసేసే పని మన దగ్గరా జరిగింది. కోనసీమ అంటే కొబ్బరాకు, కాలువ, డిండి హౌస్‌బోటు. ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది. తర్వాత కాలువలు, గన్నవరం అక్విడక్టు వచ్చాయి. ఆ నీళ్లే ఈ పచ్చదనం. కాటన్ దొర విగ్రహం ఊరూరా ఉంది, ఉండొద్దనను. తట్ట మోసినవాళ్ల విగ్రహం మాత్రం నేనింతవరకు చూడలేదు. ఆ కొబ్బరిచెట్టెక్కే దింపు కార్మికుడు, కాయ వలిచే వలుపు కార్మికుడు, వరద వస్తే మొదట మునిగే లంక పేట ఏ పోస్టర్‌లోనూ ఉండవు.

2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో జిల్లాలు 26 అయ్యాయి. ఆ రోజే కొండలకి అల్లూరి సీతారామరాజు జిల్లా అని పేరు పెట్టారు. ఎవరి ఇల్లూ కాలలేదు. మే నెలలో మన జిల్లాకి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు కలుపుతామన్నారు. మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. 'కోనసీమ అన్న అందమైన పేరు చాలు' అన్నారు. జూన్‌లో మంత్రివర్గం అంబేద్కర్ పేరునే ఖాయం చేసింది. కానీ ఆ మాట నన్ను వదలలేదు. పేరు అందంగా ఉండాలంటే అందులో మనం ఉండకూడదా? పచ్చదనాన్ని అడ్డం పెట్టి మనుషుల్ని బయట నిలబెట్టడం ఎలా ఉంటుందో మనకి తెలుసు. కాబట్టి కొండకి వెళ్లినప్పుడు ఆ పని మనం చేయకూడదు.

ఈ విషయంలో మనకి బాబాసాహెబ్ ఇచ్చిన దారి ఉంది. ఐదో షెడ్యూలు తుది రూపాన్ని 1949 సెప్టెంబరులో రాజ్యాంగ సభ ముందు పెట్టింది ఆయనే. ఆ షెడ్యూలు బలంతోనే షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1/70 నిబంధన వచ్చింది. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు, అనంతగిరి గనుల విషయంలో, ప్రభుత్వం కూడా ఆ భూముల్ని ప్రైవేటు కంపెనీలకి లీజుకివ్వకూడదని తీర్పు చెప్పింది. 1996 పెసా చట్టం గ్రామసభకి మాట ఇచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం సామూహిక అటవీ హక్కు ఇచ్చింది. 1882 గీతని చెరపగలిగే కాగితాలు ఇవి. వీటిని బయటికి తీసేవాళ్లు కావాలి.

ఈసారి మారేడుమిల్లి వెళ్తే మూడు ప్రశ్నలు తీసుకెళ్లండి. మీరు పడుకునే గది ఎవరి భూమిలో ఉంది, ఆ భూమి 1/70కి లోబడి ఉందా? ఆ క్యాంపు పెట్టడానికి గ్రామసభ తీర్మానం అయిందా? మీరిచ్చిన డబ్బులో సమితికి ఎంత వెళ్తోంది, ఆ లెక్క ఊళ్లో చదివి వినిపిస్తున్నారా? గైడుని అన్నా అని పిలిచి మాట్లాడితే ఈ మూడూ ఆయనే చెబుతాడు. ఊరికి సామూహిక హక్కు పత్రం రాకపోతే దరఖాస్తు రాయడానికి కూర్చోండి. డిగ్రీ చదివిన చేతికి అది ఒక పూట పని.

జీలుగు కల్లు అమ్మే ఆయనతో బేరం మాత్రం ఆడకండి.

జై భీమ్.