కెరటం వెనక్కి తిరిగేటప్పుడు

విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్ళే బీచ్ రోడ్డు మీద రుషికొండ దాటారు. ఎడమ పక్క చీకట్లో తొట్లకొండ ఆకారం లీలగా తెలుస్తోంది. కుడి పక్క మంగమారిపేట. బండి ఆపి దిగండి. జనవరి నెల, టైము ఐదున్నర. చెప్పులు మాత్రం విప్పకండి. ఇక్కడి రాళ్ళకు అతుక్కుని ఉన్న గుల్లలు అరికాలిని చీరేస్తాయి.

టార్చి వెలుగు ఇసుక మీద పడగానే నల్లటి చారలు కనిపిస్తాయి. అది నూనె మరకా కాదు, బొగ్గు పొడీ కాదు. ఇల్మనైట్. దాని పక్కనే వంకాయ రంగుకు దగ్గరగా ఉన్న సన్నటి చార గార్నెట్. తూర్పు కనుమల రాయి వేల ఏళ్ళు అరిగి ఇక్కడికి చేరింది. కెరటం వెనక్కి పోతూ తేలిక ఇసుకను తనతో లాక్కుపోతుంది, బరువైన గింజల్ని ఇలా గీతలు గీసి వదిలేస్తుంది. ఈ రంగు గుర్తు పెట్టుకోండి. సాయంత్రం కంప్యూటర్ ముందు కూర్చున్నాక దీనితోనే అసలు పేచీ.

ఎదురుగా సముద్రం అంచున రాతి తోరణం ఉంది. మనిషి కట్టింది కాదు, నీరు తొలిచింది. పోటు మీద ఉన్నప్పుడు కెరటాలు దాని కాళ్ళ చుట్టూ కొడుతుంటాయి. ఆటు వేళ దగ్గరికి వెళ్ళి చుట్టూ తిరిగి చూడొచ్చు. అందుకే రాత్రే ఆటుపోట్ల పట్టిక చూసుకుని బయలుదేరాం. ఆ వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి, ఈ వారం కుదిరిన వెలుగూ నీరూ వచ్చే వారం కుదరవు.

కెమెరా అప్పుడే తీయకండి. ముందు ఆ పడి ఉన్న ప్లాస్టిక్ కవరు, థర్మోకోల్ ముక్క చేత్తో ఏరి సంచిలో వేసుకోండి. కంప్యూటర్లో వాటిని చెరిపేయడం రెండు నిమిషాల పనే, కాదనను. కానీ చెరిపిన చోట ఇసుక గింజ దగ్గర్నుంచి చూస్తే అతుకు వేసినట్టే ఉంటుంది, పైగా కవరు మాత్రం ఒడ్డునే ఉండిపోతుంది. అలాగే తడి ఇసుక మీద అడ్డంగా నడవకండి. మీ అడుగుల గుర్తులే రేపు ఫొటోలో ముందు వరసలో కూర్చుంటాయి.

ఇప్పుడు నిలబడి తోరణాన్ని చూడండి. సముద్రపు అంచు గీత తోరణం నడుము మీదుగా పోతోంది కదా? ఇక మోకాళ్ళ మీద కూర్చుని చూడండి. గీత కిందికి దిగింది, తోరణం ఆకాశంలోకి లేచింది. సముద్రపు అంచు ఎప్పుడూ చూసేవాడి కంటి ఎత్తులోనే ఉంటుంది. కంటికంటే ఎత్తుగా ఉన్నదంతా ఆ గీతను దాటి ఆకాశంలోకి పోతుంది, తక్కువగా ఉన్నదంతా నీటిలో కలిసిపోతుంది. ఒడ్డున తీసే ఫొటోకు ఇంతకంటే పెద్ద సూత్రం నాకు తెలియదు. ఎందుకో ఫొటోగ్రఫీ క్లాసుల్లో దీన్ని చెప్పరు. మూడో వంతు గీతల గురించి మాత్రం గంటసేపు చెబుతారు.

అయితే పూర్తిగా కూర్చుంటే ఇంకో నష్టం ఉంది. ముందున్న తడి ఇసుక, రాతి గుంటల్లో నిలిచిన నీరు సన్నటి పట్టీలా అణిగిపోతాయి. వాటిలోనే కదా ఆకాశం దిగి ఉంది! నిలబడితే గుంటలు దక్కుతాయి, తోరణం కుంగుతుంది. బేరం ఆడి నడుము ఎత్తు దగ్గర తెంచుకుందాం. ట్రైపాడ్ కాళ్ళు అంతవరకే లాగండి. ఒక కెరటం వచ్చి పోయేదాకా ఆగి, పైనుంచి గట్టిగా అదమండి. తడిసిన ఇసుకలో కాళ్ళు ఎంత దిగాలో అంత దిగాక ఇక కదలవు.

ఎడమకు రెండడుగులు వేయండి. తోరణం పక్కనున్న ఒంటరి బండ దాని కాలిని తాకుతోంది, రెండూ కలిసి ఒకే నల్లటి ముద్దలా ఉన్నాయి. ఇంకొంచెం. ఇప్పుడు మధ్యలో సందు దొరికింది, సందులోంచి సముద్రం కనిపిస్తోంది. తోరణం లోపలినుంచి కూడా ఆ అంచు గీత ఎక్కడా తెగకుండా పోతోంది. ముందు భాగంలో బండ మీద ఒక పల్లపు గాడి ఉంది. కెరటం తిరిగి వెళ్ళేటప్పుడు నీరు ఆ గాడిలోంచే జారుతుంది, సరిగ్గా తోరణం వైపు. అదే మన దారి. లెన్సు 20 ఎంఎం దగ్గర పెట్టండి. వెడల్పు లెన్సు దూరంగా ఉన్నవాటిని చిన్నవి చేసేస్తుంది కాబట్టి, తోరణం బొమ్మలా అనిపిస్తే జూమ్ తిప్పకుండా కాళ్ళతోనే ముందుకు జరగండి.

ఆకాశానికి ఎంత చోటు? జనవరిలో ఇక్కడ మబ్బు దాదాపు ఉండదు. ఉన్నదల్లా కింది అంచున పాలలాంటి పొగమంచు. ఖాళీ ఆకాశానికి సగం ఫ్రేము రాసివ్వడం దండగ, పావు వంతు చాలు. అలాగని ఇది శాసనం కాదు. జపాన్ ఫొటోగ్రాఫర్ హిరోషి సుగిమోటో 1980 నుంచి తీస్తున్న సముద్రాల వరసలో అంచు గీత సరిగ్గా నడిమధ్యనే ఉంటుంది. పైన గాలి, కింద నీరు, ఇంకేమీ లేదు. ఆయనకు చెప్పాల్సింది ఆ సమానత్వమే కాబట్టి అది చెల్లింది. మనం చెప్పాల్సింది వెనక్కి లాగే నీటి గురించి.

ఐఎస్ఓ 100, ఎపర్చర్ ఎఫ్ 11. ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో 20 ఎంఎం దగ్గర ఫోకస్ 1.2 మీటర్లకు పెడితే సుమారు 60 సెంటీమీటర్ల నుంచి కంటికి ఆనే చివరిదాకా అంతా పదునుగా వస్తుంది. ఎఫ్ 22కి వెళ్ళాలనిపిస్తుంది, వెళ్ళకండి. అంత చిన్న కంతలోంచి వెలుగు వంగి పోయి బొమ్మ మొత్తం మెత్తబడుతుంది.

ఆరు దాటింది. నీలం పలచబడుతోంది. విదేశీ పుస్తకాలు ఈ వేళను బ్లూ అవర్ అంటాయి. మనకు అది గంట కాదు. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న చోట సూర్యుడు ఏటవాలుగా కాక దాదాపు నిటారుగా పైకి వస్తాడు. అందుకే విశాఖలో వెలుగు విచ్చుకోవడం మొదలయ్యాక సూర్యోదయానికి గట్టిగా ఇరవై రెండు, ఇరవై మూడు నిమిషాలు. లండన్ వాడు టీ తాగి వచ్చి తీసుకోవచ్చు, మనకు ఆ వ్యవధి లేదు.

వల బాగు చేసుకుంటున్న ఒక ముసలాయన తలెత్తి చూస్తాడు.

"ఏటి బాబూ, సూరీడు కోసమా?"

"కాదు తాతా, నీళ్ళ కోసం."

"నీల్లు ఎక్కడికీ పోవు గానీ, ఇంక ఎక్కుతాది. ఆ రాయెనక్కి ఎల్లకండి."

ఆయన మాట పట్టికకంటే ముందు వినండి. వీపు సముద్రానికి పెట్టి ఎప్పుడూ నిలబడకండి. నాలుగు చిన్న కెరటాలు చూసి ధైర్యం తెచ్చుకున్నవాణ్ణే ఐదోది కొడుతుంది.

ఇక కెరటాన్ని గమనించండి. వచ్చేటప్పుడు అది తెల్లటి నురగ గుట్ట, దానికి ఆకారం ఉండదు. బండల మీదికి ఎక్కి, ఒక క్షణం ఏం చేయాలో తోచనట్టు ఆగుతుంది. తర్వాత తిరుగుతుంది. అదిగో, అప్పుడు నురగ రాళ్ళ చుట్టూ చీలి, గాడిలోకి దిగి, దారాలు దారాలుగా సాగుతుంది. నొక్కాల్సింది అప్పుడే. షట్టర్ అర సెకను. పావు సెకను అయితే దారాలు పొట్టిగా తెగుతాయి. రెండు సెకన్లు అయితే అన్నీ కలిసి పాలవుతాయి. ముప్ఫై సెకన్లు తెరిచి సముద్రాన్ని పొగలా మార్చే ఫ్యాషన్ ఒకటి ఉంది. చూడ్డానికి బాగుంటుంది. కానీ ఆ పొగలో బంగాళాఖాతం ఏది, కొండ మీది చెరువు ఏది అని చెప్పలేం. ఈ సముద్రానికి లాగే గుణం ఉంది, నడుము లోతులో నిలబడిన ఎవరికైనా తెలుసు. ఆ లాగుడు కనిపించని ఫొటో నాకు అక్కర్లేదు.

వెలుగు పెరిగి కెమెరా సెకనులో 30వ వంతు అడుగుతోంది. వెలుగును 16వ వంతుకు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ తొడగండి, మళ్ళీ అర సెకను చేతికొస్తుంది. హిస్టోగ్రామ్ కుడి గోడకు తగలకుండా చూసుకోండి. నురగలో తెలుపు ఒకసారి కాలిపోతే ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి ఇవ్వలేదు. ప్రతి రెండు మూడు ఫ్రేములకూ లెన్సు చూసి తుడవండి, ఉప్పు తుంపర చీకట్లో కనిపించదు.

సూర్యుడు నీటిలోంచి రాడు. పొగమంచు పట్టీ పైనుంచి, ఎప్పుడు వచ్చాడో తెలియకుండా, ఎర్రటి బిళ్ళగా బయటపడతాడు. ఈ తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి వంగి ఉంటుంది. చలికాలంలో సూర్యుడు తూర్పుకు కాస్త దక్షిణంగా, అంటే మనకు ఎదురుగా సముద్రం మీదే ఉదయిస్తాడు. జూన్‌లో భీమిలి వైపు నుంచి వచ్చి రాళ్ళను పక్కనుంచి తడుముతాడు. రాతి గరుకుతనం కావాలంటే ఆ నెలలో రండి. ఇప్పుడు మాత్రం ఆయన వచ్చిన కాసేపటికి తోరణం నల్లబడి ఫొటో రెండు ముక్కలవుతుంది. మన పని అయిపోయింది. వెనక్కి తిరిగితే తొట్లకొండ మీద మొదటి ఎండ. అక్కడ బౌద్ధ భిక్షువులు రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లే కొండకు ఆ పేరు.

ఇంటికి రాగానే ముందు ట్రైపాడ్ కాళ్ళు మంచినీళ్ళతో కడగండి, తర్వాతే కార్డు.

తెర మీద ఫ్రేములన్నీ పరిచి నీటి ఆకారం ఒక్కటే చూడండి. వెలుగు, రంగు, వంపు, అన్నీ సర్దుకోవచ్చు. నీటి దారాలు గాడిలోంచి తోరణం దాకా తెగకుండా వెళ్ళిన ఫ్రేము ఒకటి ఉంటుంది. అదే ఫొటో. మిగతావి దాచుకోవాలనే ఆశ వదులుకోండి.

ముందు గీత సరిచేయండి. సముద్రం అర డిగ్రీ వాలినా కన్ను పట్టేస్తుంది. ఆపైన వైట్ బ్యాలెన్స్. ఆటోలో వదిలేస్తే సాఫ్ట్‌వేరు తెల్లవారుజాము నీలాన్ని లోపం అనుకుని కడిగేస్తుంది. 5,200 కెల్విన్ దగ్గర పెట్టండి, చలి తిరిగొస్తుంది. రా ఫైల్‌లో తీశాం కాబట్టి ఈ స్వేచ్ఛ. 14 బిట్ల రా ఫైల్‌లో ఒక్కో రంగుకు 16,384 మెట్లు ఉంటాయి, జేపెగ్‌లో 256. నీడల్ని కాస్త ఎత్తండి, తోరణం కింది రాయి కనిపించేంత వరకే. ఆకాశానికి విడిగా మాస్క్ గీసి కొద్దిగా దించండి.

ఇలా ఆకాశాన్నీ సముద్రాన్నీ విడివిడిగా చూసుకోవడం మోసం అనేవాళ్ళున్నారు. 1850లలో ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ గుస్తావ్ లె గ్రే సముద్రం ఒక గాజు నెగటివ్ మీద, ఆకాశం ఇంకో నెగటివ్ మీద తీసి, రెండూ కలిపి ఒకే ప్రింటు వేసిన సందర్భాలున్నాయి. ఆనాటి రసాయనానికి నీలం మీద ఆత్రం ఎక్కువ. సముద్రం సరిగా వచ్చేంతసేపు తెరిస్తే ఆకాశం తెల్లకాగితం అయిపోయేది. కంటికి కనిపించిన రెంటినీ ఒక కాగితం మీదికి తేవడానికి ఆయన పడిన పాటే ఇప్పుడు మన స్లైడరు పడుతోంది.

మోసం వేరే చోట ఉంది. డీహేజ్ అనే స్లైడరు చూశారా? కాస్త జరపగానే పొగమంచు మాయమై దృశ్యం కడిగినట్టు అవుతుంది. ఇంకాస్త జరిపితే తోరణం అంచున నల్లటి వలయం మొలుస్తుంది. కానీ దూరం అన్నది ఆ పొగమంచులోనే ఉంది, అది పోతే సముద్రం గోడకు వేసిన రంగు అవుతుంది. ముట్టుకోకండి. క్లారిటీ రాతికి మాత్రమే, మాస్క్ వేసి. నీటికి వద్దు.

ఇక పొద్దున్న చెప్పిన పేచీ. శాచురేషన్ పెంచగానే ఇసుకలో గార్నెట్ చార నెత్తుటి రంగుకు తిరుగుతుంది, ఇల్మనైట్ నలుపు నీలమవుతుంది, నీరు మాల్దీవుల ప్రకటనలోలా మెరుస్తుంది. విశాఖ బీచ్ అని చెప్పి నారింజా నెమలికంఠం రంగులు పూసిన ఫొటోలు ఎన్ని చూడలేదు? ఈ సముద్రం జనవరి పొద్దున బూడిద కలిసిన ఆకుపచ్చ. ఇసుక ముదురు. ఆ ముదురుదనం తీసేస్తే ఆ ఫొటో ఏ తీరానిదైనా కావచ్చు. ఎరుపు, ఊదాల శాచురేషన్ కాస్త తగ్గించి, పొద్దున్న టార్చి వెలుగులో చూసిన వంకాయ చార జ్ఞాపకానికి సరిపోయాక ఆపేయండి. తెర వెలుగు కూడా సగానికి తగ్గించి ఒకసారి చూడండి, చీకటి గదిలో పూర్తి వెలుగు పెట్టుకుని సరిచేసిన ఫొటో కాగితం మీద మసిబారి వస్తుంది.

చివరగా ఆకాశం మీద సెన్సర్ దుమ్ము చుక్కలు వెతికి తుడిచేసి, ప్రింటుకు పంపండి. 24 మెగాపిక్సెళ్ళ ఫైలు, అంటే 6,000కి 4,000, అంగుళానికి 300 చుక్కల లెక్కన 20 అంగుళాల వెడల్పు వరకు సుఖంగా వస్తుంది. నిగనిగలాడే కాగితం వద్దు, మ్యాట్ తీసుకోండి. ల్యాబ్‌లో ఫైలు ఇచ్చేటప్పుడు ఒక మాట మాత్రం మరచిపోకుండా చెప్పండి: "కలర్ కరెక్షన్ చేయొద్దు." చెప్పకపోతే వాళ్ళ మిషను ఆ బూడిద ఆకుపచ్చను జబ్బు అనుకుని, అడక్కుండానే నయం చేసి పంపిస్తుంది.