త్యాగయ్య విన్న వేణువు

పోతన దశమస్కంధంలో కృష్ణుని వేణునాదాన్ని వర్ణించే ఘట్టం ఉన్నది. ఆవులు చెవులు నిక్కించి ఆ నాదామృతాన్ని త్రాగుతాయి. లేగలు నోటిలోని పాలు మ్రింగడం మరుస్తాయి. గోపికలైతే ఆ వెదురుముక్క ఏ పుణ్యం చేసుకున్నదో అని అసూయపడతారు. అంతా చెవుల వ్యవహారమే.

ఆ భాగవతం పదిహేనవ శతాబ్దిది. మూడు శతాబ్దాల తరువాత తమిళదేశాన, తిరువయ్యారులో, త్యాగరాజస్వామి (1767-1847) దానిని పారాయణ గ్రంథంగా పెట్టుకున్నారు. ఆయన స్వహస్తాలతో వ్రాసుకున్నదని చెప్పే ప్రతి వాలాజాపేట శిష్యపరంపర ద్వారా మదురైలోని సౌరాష్ట్ర సభకు చేరింది.

మరి ఆ వేణువుకు ఈ గాయకుడిచ్చిన బదులేమిటి? నా మట్టుకు అది కేదారగౌళ రాగంలోని 'వేణుగానలోలుని' కృతి. చిత్రమేమంటే, అందులో ఆయన కోరినది చెవులను కాదు, కన్నులను, అవీ వేయి! పిల్లనగ్రోవి స్వరం ఎటువంటిదో వర్ణించలేదు. చుట్టూ చేరిన స్త్రీలు, వారి ఆటపాటలు, దిష్టి తీయడం, అంతా కంటికి కనిపించేదే. రూపవర్ణన అని పండితులు సరిపెట్టుకోవచ్చు గాని నాకట్లా తోచదు. నాదాన్ని మాటలలో పెట్టక కవికి గత్యంతరం లేదు. గాయకునికి కేదారగౌళ ఉన్నది. పాడుతున్నంతసేపూ నాదం ఆయన కంఠంలోనే ఉన్నది, అందనిది రూపమొక్కటే.

మా విస్సన్నపేట వైపు పద్యానికి రాగం తీయడం పాత అలవాటు. తరగతిలో ఈ ఘట్టం వచ్చినప్పుడు నేనూ రాగంతో చదివి, కాసేపు ఊరుకొనేవాణ్ణి. ప్రతిపదార్థం మరునాటికి.