గతించినవారి పేర

తండ్రి చనిపోయిన యూదుడు పదకొండు నెలలపాటు ప్రార్థనాలయానికి పోయి ‘కద్దిష్’ అనే ప్రార్థన చెప్పడం ఆచారం. అరమాయిక్ భాషలో ఉన్న ఈ ప్రార్థనలో ఒక విశేషమున్నది. ఇందులో మరణం మాట లేదు, పోయినవారి పేరు లేదు. ఉన్నదంతా భగవంతుని మహిమను కొనియాడడమే. రెండవ విశేషం, దీనిని ఒంటరిగా చెప్పరాదు. వయస్సు వచ్చిన పదిమంది పురుషులు సమకూడితే గాని కద్దిష్ సాగదు. ఈ కాలంలో కొన్ని శాఖలవారు స్త్రీలను కూడా ఈ లెక్కలో చేరుస్తున్నారు గాని, మనం ఇక్కడ చెప్పుకోబోయే కుటుంబాలలో ఆ పద్ధతి లేదు. ఎంతటి ధనవంతుడైనా సరే, తండ్రి కోసం తానొక్కడే ప్రార్థించి చాలించుకోలేడు. మరి తొమ్మిదిమంది తోడు కావలెను. వారు కూడుకోవడానికి ఒక చోటు కావలెను. యూదుల స్మారక దానాలు ఇంత తరచుగా ప్రార్థనాలయాల రూపం ఎందుకు దాల్చినవో ఈ నియమాన్ని బట్టి కొంత తెలుస్తుంది.

దానానికి హీబ్రూ భాషలో వాడే మాట ‘త్సెదకా’. న్యాయమనే అర్థమిచ్చే ధాతువు నుండి పుట్టినది. మన వాకిట నిలిచి ‘ధర్మం చెయ్యండి’ అని అడిగే యాచకుని నోట ధర్మమనే మాటకు ఏ రెండర్థాలున్నవో, ఇంచుమించుగా అవే ఇక్కడానూ. దయ కలిగి ఇచ్చేది కాదు, బాకీ ఉండి చెల్లించేది. చనిపోయినవాడు ఇక చెల్లించలేడు కాబట్టి అతని తరఫున బ్రతికి ఉన్నవారు చెల్లిస్తారు. వర్ధంతిని వారు కూడా మనవలెనే చాంద్రమానపు తిథిని బట్టి జరుపుకుంటారు. అధికమాసం వారి పంచాంగంలోనూ ఉన్నది. ఆనాడు ఒక పగలూ ఒక రాత్రీ వెలిగే దీపం పెట్టి, కొంత సొమ్ము పేదల కోసం తీస్తారు.

ఈ ఆచారం ఐరోపాలో గ్రంథానికెక్కిన తీరు విషాదకరమైనది. 1096లో మొదటి క్రూసేడు యాత్రకు బయలుదేరిన మూకలు దారిలో రైను నదీతీరాన వర్మ్స్, మైంజ్ పట్టణాలలోని యూదులను ఊచకోత కోసినవి. హతుల పేర్లు మరచిపోకుండా ప్రార్థనాలయాలలో చదివే అలవాటు ఆ ప్రాంతాలలో వేళ్లూనినది. న్యూరెంబర్గు యూదులు 1296లో అటువంటి స్మృతి గ్రంథమొకటి ఆరంభించారు. అందులో హతుల పట్టికలే కాక, శ్మశానానికీ, రోగులకూ, విద్యకూ ఇంత సొమ్ము ఇచ్చినవారని, లేదా వారి పేర బంధువులు ఇచ్చారని స్మరించే పేర్లు కూడా ఉన్నవి. రెండేళ్లు తిరగకుండానే, 1298లో, న్యూరెంబర్గు యూదులే హత్యాకాండకు గురి అయినారు. వారి పేర్లు ఆ గ్రంథంలోనే ఎక్కినవి.

ఇక్కడ ఒక చిక్కు లేకపోలేదు. పన్నెండవ శతాబ్దంలో మైమొనిడీసు అనే మహాపండితుడు దానానికి ఎనిమిది మెట్లు చెప్పాడు. ఒకనిని తన కాళ్లమీద తాను నిలిచేటట్లు చేయడం అన్నిటికన్న మేలైనది. దాని తరువాతిది, ఎవరిచ్చారో పుచ్చుకున్నవానికీ, ఎవరు పుచ్చుకున్నారో ఇచ్చినవానికీ తెలియని దానం. ఇంత గోప్యం కోరే ధర్మానికీ, రాతిమీద పేరు చెక్కించే అలవాటుకూ పొత్తు ఎట్లా కుదిరింది? చెక్కేది ఇచ్చినవాని పేరు కాక పోయినవాని పేరు కావడం వలన కొంత కుదిరింది. పూర్తిగా కుదిరిందని నేననను. పోయినవారి పేరు పక్కనే కొడుకు పేరు కూడా తరచు కనిపిస్తూనే ఉంటుంది.

ఇటువంటి దానాలు మన దేశంలో బాగుదాదు నుండి వచ్చిన యూదుల చేత విశేషంగా జరిగినవి. అక్కడి పాలకుని వేధింపులు పడలేక డేవిడ్ ససూన్ అనే వర్తకుడు 1832లో బొంబాయి చేరాడు. ప్రత్తి, నల్లమందు వ్యాపారాలలో ఆ కుటుంబం కోట్లు గడించింది. నల్లమందు చీనా ప్రజలకు చేసిన కీడు ఎటువంటిదో అందరూ ఎరిగినదే. ఆ సొమ్ముతో కట్టిన గోడలను చూచేటప్పుడు ఆ మాట దాచడం న్యాయం కాదు. డేవిడ్ కుమారుడు ఎలియాస్ 1880లో మరణించగా, అతని కొడుకు జేకబ్ 1884లో తండ్రి జ్ఞాపకార్థం బొంబాయి ఫోర్టు ప్రాంతంలో ‘క్నెసెత్ ఎలియాహూ’ ప్రార్థనాలయాన్ని కట్టించాడు. శనివారం వాహనమెక్కరాదని వారి నియమం. ఫోర్టులో ఉండేవారికి ఇది నడక దూరం. 2019లో దీనిని పునరుద్ధరించారు.

జేకబ్ అంతటితో ఊరుకోలేదు. తల్లి లేయా పేర సోదరులతో కలిసి హాంకాంగులో ‘ఓహెల్ లేయా’ను నిర్మించాడు. అది 1902లో పూర్తి అయింది. ‘ఓహెల్’ అంటే గుడారం. ఆపైన భార్య రేచెల్ పేర షాంఘైలో ‘ఓహెల్ రేచెల్’ తలపెట్టాడు. జేకబ్ 1916లోనే కన్నుమూశాడు. కట్టడం ముగిసింది 1920లో. తండ్రికి బొంబాయిలో, తల్లికి హాంకాంగులో, భార్యకు షాంఘైలో! ఆ కుటుంబపు వ్యాపారం ఏ రేవులకు పోయిందో దుఃఖం కూడా ఆ రేవులకే పోయినట్లున్నది.

షాంఘైలోనే మరొక బాగుదాదు కుటుంబం, కదూరీలది. ఆ ఇంటి ఇల్లాలు లారా, లండనులో స్థిరపడిన మొకాటా వంశపు ఆడపడుచు. 1919లో ఇల్లు అంటుకున్నప్పుడు, పిల్లలకు చదువు చెప్పే గవర్నెసు లోపల చిక్కుకున్నదేమోనని తిరిగి వెళ్లి ప్రాణాలు కోల్పోయింది. ఆమె పూర్వులు పోర్చుగలు యూదులు. ఆ దేశపు రాజు 1497లో యూదులందరినీ బలవంతంగా క్రైస్తవులను చేశాడు. తరువాతి కాలంలో పారిపోగలిగినవారు పారిపోయారు, మిగిలినవారిలో కొందరు తరతరాలుగా మతాన్ని చాటుగా కాపాడుకున్నారు. బారొస్ బస్తో అనే సైనికాధికారి 1920 తరువాతి ఏండ్లలో అటువంటివారిని పోర్తో నగరంలో చేరదీసి, 1929లో ప్రార్థనాలయానికి శంకుస్థాపన చేయించాడు. ధనం చాలక పని కుంటుపడింది. దానిని పూర్తి చేయించినది లారా జ్ఞాపకార్థం కదూరీలు పంపిన సొమ్ము. 1938 జనవరిలో, ఐరోపాలో యూదులకు గడ్డుకాలం దాపురించిన వేళ, ఆ మందిరం తలుపులు తెరిచారు. లారా పూర్వులు దాచుకొనక తప్పని ప్రార్థనను వారి దేశంలోనే పదిమంది బహిరంగంగా చెప్పుకోవడానికి ఆమె పేర చోటు దొరికింది. ఈనాటికీ అక్కడ ప్రార్థనలు జరుగుతున్నవి.

కలకత్తా కథ వేరు. అక్కడ బాగుదాదు యూదులలో ప్రముఖుడు డేవిడ్ జోసెఫ్ ఎజ్రా 1882లో మరణించాడు. కుమారుడు ఎలియాస్ 1884లో తండ్రి పేర ‘మాగెన్ దావీద్’ ప్రార్థనాలయాన్ని ఎర్రని ఇటుకతో, ఎత్తైన గోపురంతో కట్టించాడు. దూరం నుండి చూచినవారు చర్చి అనుకుంటారు. ‘దావీదు డాలు’ అని ఆ పేరుకు అర్థం. దావీదు రాజు పేరూ, తండ్రి పేరూ ఒక్క మాటలో ఇమిడినవి. ఎలియాస్ చనిపోయిన పిదప అతని భార్య మోజెల్, భర్త జ్ఞాపకార్థం 1887లో మెడికల్ కాలేజీ ఆవరణలో ఆసుపత్రిని నెలకొల్పింది. ప్రార్థనకు పదిమంది కావలెను గాని, రోగికి ఏ లెక్కా అక్కరలేదు. స్మారకాలలో నాకు ఎక్కువ నచ్చినది ఇదే.

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో కలకత్తాలో వేల సంఖ్యలో యూదులుండేవారు. 1947 తరువాత ఇజ్రాయెలుకు, ఇంగ్లండుకు, ఆస్ట్రేలియాకు వలసలు సాగి నేడు చేతివేళ్లమీద లెక్కించదగినంతమంది మాత్రమే మిగిలారు. మాగెన్ దావీదులో నిత్యప్రార్థనలు లేవు. పదిమంది కూడడమే కష్టం. గోడలమీద పోయినవారి పేర్లు చెక్కిన పాలరాతి పలకలు ఉన్నవి. ఆ మందిరాన్ని తరతరాలుగా కనిపెట్టుకొని ఉన్నవారు ముస్లిం కుటుంబాలవారు. ఊడ్చేదీ, తుడిచేదీ, దర్శించడానికి వచ్చినవారికి తలుపు తీసేదీ వారే.