దేశదిమ్మరి వేషము

పాలకడలిని చిలికిన నాడు సముద్రుడు పట్టుపుట్టము గట్టిన హరికి కూతు నిచ్చెననియు, తోలు గట్టిన హరునకు విషము నిచ్చెననియు, కావున లోకమున మర్యాదకు మూలము వస్త్రమే యనియు పూర్వకవి యొకడు చమత్కరించెను. దానిని విని నవ్వని సంస్కృత విద్యార్థి యుండడు. అట్లు నవ్విన వారిలోనే, వాకిట నిలిచిన క్రొత్తవానిని తల మొదలు కాళ్ల వరకు పరికించిన పిమ్మట గాని, కూర్చుండుమనుటయా పొమ్మనుటయా యని నిశ్చయించుకొనలేని గృహస్థులు పెక్కుమంది గలరు.

ఈ లోకరీతిని ఒక్క వేషముతో లోకమునకే చూపి, నవ్వించి, ఆ నవ్వులోనే సిగ్గుపడజేసినవాడు చార్లీ చాప్లిన్. బిగుతైన కోటు, వదులైన పంట్లాము, తలకు చాలని గుండ్రని టోపీ, కాళ్లకు మించిన బూట్లు, చిన్న మీసము, వంగు చేతికఱ్ఱ: ఈ దేశదిమ్మరిని చూడని దేశము లేదు. ఇది కేవలము హాస్యము కొఱకు కూర్చిన వేషమని సామాన్యముగా తలంతురు. అందొక గంభీరమైన ప్రశ్న యిమిడియున్నదని చూపుటయే యీ వ్యాసమున నా ప్రయత్నము.

1914వ సంవత్సరము జనవరి మాసమున, లాస్ ఏంజిలీసు నగరములోని కీస్టోన్ చిత్రశాలలో ఈ వేషము పుట్టినది. చాప్లిన్‌కు అప్పటికి ఇరువదినాలుగేండ్లు. శాలాధిపతియైన మాక్ సెన్నెట్, ఏదైన నవ్వు పుట్టించు వేషము వేసికొని రమ్మనెను. దుస్తుల గదికి పోవుచు, అంగాంగము ఒకదానికొకటి విరుద్ధముగా నుండవలెనని తాను తలచితినని చాప్లిన్ 1964లో ప్రకటించిన స్వీయచరిత్రలో చెప్పికొనెను. వయస్సు హెచ్చుగా కనబడుటకై మీసము పెట్టెను. ముఖభావమును కప్పకుండుటకై దానిని చిన్నది చేసెను. ఫిబ్రవరి 7వ తేదీన విడుదలయైన చిన్న చిత్రముతో ఆ వేషము ప్రేక్షకుల కంటబడినది. కాలిఫోర్నియాలోని వెనిస్ అను ఊర పిల్లల మోటారు పందెములు జరుగుచుండగా, ఒక దిమ్మరి మాటిమాటికి వచ్చి చిత్రయంత్రమున కెదురుగా నిలుచును. త్రోసివేసినను మరల వచ్చును. ఇంతియే కథ. తనను గూడ లెక్కలో జేర్చుకొనుడని వాడు మొదటి నాడే లోకమును అడిగినట్లున్నది.

భరతముని అభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగు విధములుగా విభజించెను. మూకచిత్రమునందు వాచికమునకు తావు లేదు. కావున మాట చెప్పవలసిన దానిని గూడ ఆహార్యమే, అనగా వేషమే, చెప్పవలసి వచ్చెను. మన నాటకములలోని విదూషకుడును వికృతవేషుడే. వాని చేతను వంకర కఱ్ఱ గలదు. అయిన విదూషకునకు రాజు చెలికాడు. మోదకములకు లోటు లేదు. ఈ దిమ్మరికి రాజు లేడు, ఇల్లు లేదు, పూట కూడు నిశ్చయము లేదు.

ఆ వేషమును భాగములుగా విడదీసి చూతము. గుండ్రని టోపీ ఇంగ్లండున పందొమ్మిదవ శతాబ్దపు నడుమ పుట్టి, క్రమముగా నగరపు గుమాస్తాలకు, మర్యాదస్థులకు గుర్తయినది. చేతికఱ్ఱ, చేతులతో కష్టపడి బ్రదుకవలసిన యక్కఱ లేనివాని యలంకారము. కోటు చిరిగినను గుండీలు పెట్టియే యుండును. ఇక పంట్లాము, బూట్లు ఎవరో పెద్దదేహము గలవారు విడిచినవి. నడుమునకు పైన వాని యభిమానము కానవచ్చును. నడుమునకు క్రింద వాని దారిద్ర్యము కానవచ్చును. టోపీ యెత్తి నమస్కరించుట వాడెన్నడును మఱవడు. పోలీసువాడు మాత్రము టోపీని చూడడు, బూట్లనే చూచి తరుమును.

ఈ విరుద్ధభావము చాప్లిన్‌కు ఎవ్వరును నేర్పవలసిన పని లేకపోయెను. ఆయన 1889వ సంవత్సరము ఏప్రిల్ 16వ తేదీన జన్మించెను. లండనులోని బీదల పేటలలో పెరిగెను. తల్లి హన్నా రంగస్థల గాయని. గొంతు చెడి, పని పోయి, 1896లో బిడ్డలతో గూడ లాంబెత్‌లోని వర్కుహౌసు అను బీదల శాల జేరవలసి వచ్చెను. అందు ప్రవేశించిన వారు తమ బట్టలు విడిచి శాలవారిచ్చిన బట్టలు కట్టవలెను. తల్లిని బిడ్డలను వేఱు చేయుదురు. కొలది దినముల పిమ్మట ఆ బీదల శాల దుస్తులలో తల్లి తమ యెదుటికి వచ్చినప్పుడు తనకు కలిగిన దిగ్భ్రమను, ఆమె పడిన సిగ్గును ఆయన ముదిమియందును మఱవలేదు. మనిషి మారలేదు, బట్ట మారినది; అంతమాత్రమున లోకము దృష్టిలో ఆమె మఱియొకతె యయ్యెను. ఏడేండ్ల బాలుడు నేర్చిన యీ పాఠమే దిమ్మరి వేషమునకు బీజమని నేను నమ్ముచున్నాను.

బీదవాని చిరుగులను చూపి నవ్వించుట దయగల పనియా యని కొందఱు శంకింపవచ్చును. 1925 నాటి ‘ది గోల్డ్ రష్’ చిత్రమున దీనికి సమాధానము గలదు. బంగారము వెదకుచు మంచు దేశమునకు పోయిన దిమ్మరి, ఆకలికి తాళలేక తన బూటునే యుడికించి తినును. మేకులను ఎముకలవలె చప్పరించి ప్రక్కన బెట్టును. విందునకు కూర్చున్న దొర యెంత నాగరికముగా భుజించునో యంత నాగరికముగా భుజించును. మనము నవ్వునది వాని యాకలిని జూచి కాదు. ఆకలి గూడ వాని మర్యాదను చెఱుపలేకపోవుటను జూచి. కథాంతమున వాడు కోటీశ్వరుడై, పత్రికల వారి కోరికపై ఛాయాచిత్రము కొఱకు పాత చిరుగుబట్టలు కట్టును. ఓడలో వానిని చూచిన ప్రియురాలు, టిక్కెట్టు లేక దాగిన వాడనుకొని, సొమ్ము తానిచ్చి కాపాడబోవును. చిరుగులను చూచియు చేయి జాచిన హృదయమే వానికి దొరకిన నిజమైన బంగారము.

1931లో వెలువడిన ‘సిటీ లైట్స్’ ఈ వేషమునకు భాష్యము వంటిది. అప్పటికి మాటలాడు చిత్రములు వచ్చి యేండ్లు గడచినను, దిమ్మరి నోట చాప్లిన్ మాట పలికింపలేదు. పూలమ్ముకొను అంధ బాలిక, కారు తలుపు మూసిన చప్పుడు విని, దిగినవాడు ధనవంతుడనుకొనును. ఆమెకు చూపు లేదు గనుక వేషము లేదు; ఆమె యెదుట వాడు నిక్కమైన దొర. ధనవంతుడొకడు త్రాగిన మైకమున వీనిని కౌగిలించుకొనును, తెలివి రాగానే యెవడో యెఱుగననును. ఆ ధనముతోనే బాలికకు చూపు తెప్పించి, దొంగ యను నిందతో దిమ్మరి చెఱసాలకు పోవును. తిరిగి వచ్చునప్పటికి బట్టలు మఱింత చిరిగినవి, చేతికఱ్ఱయు లేదు. ఇప్పుడామెకు చూపు గలదు. కావున వానిని చూచి నవ్వును. జాలితో పువ్వును, నాణెమును ఈయబోయి చేయి పట్టుకొనును. కన్ను గుర్తింపనిది స్పర్శ గుర్తించినది. కన్నులు వచ్చుటచేత మనము కోల్పోవున దేమి యని యా చిత్రము మెల్లగా అడుగుచున్నది.

అదే సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన లండనులోని బీదల పేటలో ఒక భారతీయ వైద్యుని యింట చాప్లిన్ మహాత్ముని దర్శించెను. సరిగా పదియేండ్లకు ముందు, 1921లో అదే తేదీన, మధురలో గాంధీ నిండు వస్త్రమును విడిచి కొల్లాయి గట్టెను. చాప్లిన్ పుట్టిన నాటికి, 1889లో, ఆయన లండనులోనే విద్యార్థి. ఖరీదైన టోపీయు, బాండ్ వీథిలో కుట్టించిన సూటును ధరించి దొరల వలె నుండ యత్నించినట్లు తానే వ్రాసికొనెను. ఆ నాటి సమావేశమున చాప్లిన్ యంత్రములను గూర్చి ప్రశ్నించెను. యంత్రమువలన భారతదేశము పరాధీనమైనదనియు, అందుచేతనే తన నూలు తాను వడికి తన బట్ట తాను నేయుట ప్రతి భారతీయునకు విధియైనదనియు గాంధీ బదులు చెప్పెను. ఇరువురి సంభాషణము బట్ట దగ్గఱకే వచ్చుట గమనింపదగినది. ఒకరు బీదవానితో సమానమగుటకై దొర వేషమును విడిచిరి. వేఱొకరి దిమ్మరి, తానును మనిషినే యని చెప్పుటకై దొర వేషపు పీలికలను విడువలేదు. దారులు వేఱైనను, బట్టను బట్టి మనిషిని కొలువవచ్చునా యన్న ప్రశ్న యొక్కటియే.

1936 నాటి ‘మోడరన్ టైమ్స్’ తో దిమ్మరి సెలవు గైకొనెను. 1940లో ‘ది గ్రేట్ డిక్టేటర్’ నందు చాప్లిన్ ఆ ప్రశ్ననే భయంకరమైన తావున నిలిపెను. ఆయన కంటె నాలుగు దినములు చిన్నవాడైన హిట్లరునకును అట్టి మీసమే! బందీల శిబిరమునుండి సైనిక దుస్తులతో తప్పించుకొని వచ్చిన యూదు మంగలికి, నియంత యనుకొని సేనలు వందనము చేయును. వేటబట్టలలో నున్న నిజమైన నియంతను ఆయన సైనికులే పట్టి బంధింతురు. మంగలి వేదిక యెక్కి దయను, స్వాతంత్ర్యమును గూర్చి మాటలాడును. ఆ శిబిరముల ఘోరము పూర్తిగా తెలిసియున్నచో ఆ చిత్రము తీయజాలక పోయెడివాడనని చాప్లిన్ తరువాత చెప్పెను. అయినను అందలి హెచ్చరిక సత్యమే. మనిషిని చూడక వేషమునకు మ్రొక్కు జాతి, ఆ వేషములో నెవడున్నను మ్రొక్కును.

నేను ఉపాధ్యాయుడను. ఒక యేడు బడి తెఱచిన దినమున ఒక బాలుడు అన్న చొక్కా తొడిగికొని వచ్చెను. చేతులు కనబడనంత పొడుగు చేతుల చొక్కా. తరగతి యంతయు నవ్వెను. నేను మందలింపవలసినవాడను, నేనును నవ్వితిని. ఆ బాలుడు మాత్రము చేతులు పైకి మడచుకొని, వినయముగా నాకు నమస్కరించి, చివరి బల్లపై కూర్చుండెను. ‘సిటీ లైట్స్’ లోని యా తుదిదృశ్యమును చూచినప్పుడెల్ల నాకు జ్ఞప్తికి వచ్చునది దిమ్మరి కాదు, ఆ బాలుడు. మన పిల్లలకు చాప్లిన్ చిత్రములను చూపుడు, కడుపార నవ్వనిండు. నవ్విన పిదప, ఎవరిని జూచి నవ్వితిరని యొక్కమాఱు అడుగుడు.